నడివీధి చెరువు

గుమ్మిడివలస మెయిన్ రోడ్డు మీద, కిల్లాడ పైడమ్మ పిండిమరకు ఎదురుగా ఉన్న గుంట మొదట్లో చాలా అణకువగా ఉండేది. తొలకరి నాటికి అది పళ్లెమంత. సైకిళ్లు దాన్ని తప్పించుకుని పక్కనుంచి పోయేవి. తరవాత లారీలు దాన్ని కొంచెం ఒత్తాయి, వానలు కొంచెం తవ్వాయి, మునిసిపాలిటీ వారు దాని జోలికి పోకుండా తమ వంతు సాయం తాము చేశారు. వానాకాలం సగమయ్యేసరికి అటు పిండిమర మెట్ల నుంచి ఇటు నా మందుల షాపు మెట్ల దాకా నిండుగా పరుచుకుంది. దాని పుణ్యమా అని నా షాపులో అయోడిన్‌కూ కట్టుగుడ్డకూ ఎన్నడూ లేనంత గిరాకీ వచ్చింది. అందువల్ల ఈ కథ చెప్పడంలో నాకు ఆ గుంట మీద వ్యక్తిగత ద్వేషం ఏమీ లేదని మనవి.

ఒక సాయంత్రం పైడమ్మ మొగుడు గౌరునాయుడు బియ్యప్పిండి బస్తా భుజాన వేసుకుని రోడ్డు దాటబోయి అందులో దిగబడ్డాడు. నలుగురం కలిసి పైకి లాగేసరికి అతని కుడికాలు విరిగి ఉంది. బస్తా మర్నాటికి గానీ దొరకలేదు. దొరికినప్పుడు అందులో ఉన్నది పిండి కాదు, దోసెలకు సిద్ధంగా ఉన్న రుబ్బు.

పైడమ్మ పొడగరి. రోజంతా మర చప్పుడును మించి అరిచి అరిచి, మెల్లగా మాట్లాడటమనే విద్య ఆమెకు పూర్తిగా పోయింది. మొగుడి కాలికి కట్టు కట్టించి, సోమవారం అర్జీల దినాన తిన్నగా మునిసిపల్ ఆఫీసుకు వెళ్లింది. తోడు రమ్మంటే నేనూ వెళ్లాను.

సరిగ్గా అదే పొద్దున కమిషనర్ భువనమోహనరావు గారు పెద్ద చిక్కులో ఉన్నారు. ప్రతి మునిసిపాలిటీ తన పరిధిలో కనీసం ఒక చెరువును గుర్తించి, పరిరక్షించి, ఫొటో తీసి పంపాలని రాజధాని నుంచి ఉత్తర్వు వచ్చింది. చెరువు లేని ఊరి కమిషనర్ స్వయంగా వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి.

"మనకు చెరువులు లేవు సార్," అంటున్నాడు అసిస్టెంట్ ఇంజనీరు కుసుమకుమార్. "ఉండేవి. అభివృద్ధి చేశాం."

అతను చెప్పింది నిజమే. ఒక చెరువు బస్టాండుగా అభివృద్ధి చెందింది. ఇంకొకటి లేక్ వ్యూ కాలనీగా అభివృద్ధి చెందింది. ఆ కాలనీలో ఏ మేడ ఎక్కి చూసినా లేకు కనబడదు. ఎందుకంటే అది మేడ కిందే ఉంది.

అప్పుడు పైడమ్మ లోపలికి వెళ్లింది.

"బాబూ! మా మర ముంగిట రోడ్డు నేదు! సెరువైపోనాది! మా ఇంటాయన అందల పడి కాలిరగ్గొట్టుకున్నాడు!"

కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. అర్జీదారు వస్తే కమిషనర్ లేచి నిలబడటం ఆ ఆఫీసులో అదే మొదలు. బయట బంట్రోతు కూడా కంగారుపడి లేచాడు.

"అమ్మా, మళ్లీ ఒకసారి సెలవివ్వండి. ఏమైపోయిందన్నారు?"

"సెరువు బాబూ, సెరువు!"

"లోతుందా?"

"మా ఆయన్ని మింగీసేటంత ఉన్నాది."

"ఎండిపోతుందా, నిలకడగా ఉంటుందా?"

"మీరు రానంతకాలం ఉంటాది."

కమిషనర్ గారు ఇంజనీరు వైపు తిరిగారు. కమిషనర్ గారి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "శాశ్వత జలవనరు," అన్నారు.

మర్నాడే కుసుమకుమార్ టేపు పట్టుకుని మనుషులతో సహా వచ్చాడు. ఇంత తొందరగా కదులుతారని పైడమ్మ అనుకోలేదు. అందరికీ మజ్జిగ ఇచ్చింది. వాళ్లు గుంట పొడవు కొలిచారు, వెడల్పు కొలిచారు, గడకర్ర ముంచి లోతు చూసి తృప్తిపడ్డారు. మజ్జిగ తాగి, ఒడ్డున ఒక బోర్డు పాతి వెళ్లారు.

"నడివీధి చెరువు. ఇది ప్రభుత్వ జలవనరు. దీనిని పూడ్చుట, పూడ్చుటకు ప్రయత్నించుట, పూడ్చవలెనని కోరుట శిక్షార్హములు."

పైడమ్మ కుసుమకుమార్ జీపుకు అడ్డం నిలబడింది. "ఏటి బాబూ ఇది? నాను గుంట పూడ్సమన్నాను కదేటి!"

"ఆ మాట మీరు అన్నది మేం బోర్డు పెట్టకముందు కాబట్టి సరిపోయింది," అన్నాడు కుసుమకుమార్ దయగా. "ఇకమీదట అనకండి."

ఆ తరవాత అభివృద్ధి జోరందుకుంది. చెరువన్నాక గట్టు ఉండాలి గనక రోడ్డుకు అడ్డంగా రెండు పక్కలా మట్టిగట్లు పోశారు. బస్సులు చేపల మార్కెట్ వీధిలోంచి, చేపల తట్టలను రాసుకుంటూ చుట్టు తిరిగి రాసాగాయి. బస్సు దిగినవాళ్లను వాసన చూసి ఏ బస్సులో వచ్చారో చెప్పగలిగేవాళ్లం. చెరువులో చేపపిల్లలను వదిలారు. ఎక్కణ్ణుంచో ఒక కొంగ వచ్చి వాలితే, వలసపక్షుల రాక మొదలైందని ప్రకటన ఇచ్చారు.

చెరువుకు లస్కరు కావాలి. లస్కరంటే చెరువు కాపలాదారు. ఆ ఉద్యోగానికి గౌరునాయుడు కర్ర ఊతంతో వెళ్లి నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అతను చేసిన పని బస్తాలు మొయ్యడం ఒక్కటే. కాలు బాగయ్యేదాకా అదీ లేదు. పెళ్లాం రెక్కల కష్టం మీద కూర్చుని తినే అన్నం అతనికి సయించడం లేదు.

"ఈ చెరువు విషయమై నీకు గల పరిజ్ఞానమేమి?" అని అడిగారు కమిషనర్ గారు.

"అడుగు దాకా తెలుసు బాబూ," అన్నాడు గౌరునాయుడు.

అంత అనుభవం ఇంకెవరికీ లేకపోవడంతో ఉద్యోగం అతనికే ఇచ్చారు. ఖాకీ చొక్కా, ఈల ఇచ్చారు. చొక్కా తొడుక్కుని ఇంటికి వచ్చిన రోజున అతను గుమ్మంలో వంగకుండా నిలబడ్డాడు. పైడమ్మ అతణ్ణి అలా ఎన్నడూ చూడలేదు. గుంటను తిట్టబోయి ఆ ఒక్క పూటకూ ఊరుకుంది.

వేసవి వచ్చింది. ఊళ్లో కుళాయిలు ముందు సన్నగిల్లి, తరవాత బుసకొట్టి, తరవాత మూగబోయాయి. చెరువు కూడా ఎండటం మొదలుపెట్టింది. వానలు పడే లోపలే రాజధాని నుంచి తనిఖీ బృందం వస్తుందని కబురు. కమిషనర్ గారికి నిద్ర కరువైంది.

ఒక ఉదయం వీధిలోకి నీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. ఆడవాళ్లంతా బిందెలు పట్టుకుని పరిగెత్తారు. ట్యాంకర్లు వాళ్లను దాటుకుని పోయి, గొట్టాలు దించి, నీళ్లన్నీ చెరువులో పోసి వెళ్లిపోయాయి. జనం ఆఫీసు ముందు గోల చేస్తే కమిషనర్ గారు మేడ మీంచి శాంతంగా చెప్పారు: "మహాజనులారా! తాగునీటికి మీకు అనేక ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. చెరువుకు మేము తప్ప ఎవరున్నారు?"

అప్పటినుంచి ఆడవాళ్లు చెరువులోనే బిందెలు ముంచసాగారు. అది జలచౌర్యమని, లస్కరు పట్టుకోవాలని ఉత్తర్వు. బిందెలు మునిగే వేళకు గౌరునాయుడు అవతలి గట్టున, వీపు ఇటు పెట్టి, వలసపక్షులను లెక్కపెడుతూ ఉండేవాడు. ఉన్నది ఒకే కొంగ. లెక్క తప్పకూడదని ఎంతో శ్రద్ధగా, ఆఖరి బిందె ఇంటికి చేరేదాకా లెక్కపెట్టేవాడు.

తనిఖీకి కాగితాలన్నీ సిద్ధమయ్యాక కుసుమకుమార్‌కు ఒక నిబంధన జ్ఞాపకం వచ్చింది. ఆ మధ్యాహ్నం గౌరునాయుడు కాగితం పట్టుకుని సొంత ఇంటి గుమ్మంలో నిలబడి చదివాడు.

"కిల్లాడ పైడమ్మ, భర్త పేరు గౌరునాయుడు..."

"నీ పేరు నువ్వే సదువుకుంటన్నావేటి?" అంది పైడమ్మ లోపల్నుంచి. "రా, అన్నం సల్లారిపోతంది."

"డూటీలో ఉన్నాను పైడీ."

"ఏటంటాదా కాయితం?"

"సెరువు గట్టుకి ముప్పై మీటర్ల లోపల ఏ కట్టడం ఉండకూడదంట. మన మర ఆక్రమణంట." అతను ఖాకీ చొక్కాలోనే కిందికి జారి గుమ్మం మీద కూలబడ్డాడు. "పడగొట్టీస్తారంట పైడీ. నాసేతే కాయితం పంపినారు."

పైడమ్మ గరిటె కింద పెట్టింది. ఆ మర ఆమె తల్లి పెట్టింది. తల్లి పోయిన నాడు మర ఆపి, పన్నెండో రోజు దాటగానే మళ్లీ బెల్టు తగిలించింది. ఆ పిండి ధూళిలోనే ఇద్దరు ఆడపిల్లలను పెంచి, చదివించి, నర్సులను చేసింది. మర లేకపోతే తను ఎవరో ఆమెకే తెలియదు.

"నీ సంతకం ఎట్టించుకుని రమ్మన్నారు," అన్నాడు గౌరునాయుడు నేల చూస్తూ.

"ఎడతాను. ముందు నువ్ తిను," అంది.

విచారణకు మళ్లీ నన్నే తోడు తీసుకెళ్లింది. కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు.

"జలవనరుల దురాక్రమణ ఘోరమైన అపరాధం. మీ మర చెరువు పరిధిలోకి చొచ్చుకువచ్చినట్లు నిర్ధారణ అయినది."

"మర మా యమ్మ ఎట్టినాది బాబూ. సెరువు నిన్న గాక మొన్న పుట్టినాది. సొచ్చుకొచ్చినాది నాను కాదు, అదే."

కమిషనర్ గారు ఇబ్బందిగా కదిలారు. చెరువు మొన్న పుట్టిందని ఒప్పుకుంటే అది గుంట అయిపోతుంది. గుంట అయితే, దాన్ని ఎందుకు పూడ్చలేదనే ప్రశ్న వస్తుంది. అటువంటి ప్రశ్నలను ఆయన ఆఫీసులోకి రానివ్వరు.

"చెరువులు పుట్టవమ్మా. అవి అనాదిగా ఉంటాయి. ఈ చెరువు మీ తల్లిగారి కంటే పూర్వపుది. రాసుకోండి కుసుమకుమార్."

"రాసుకోండి బాబూ. రాసినారా?" అని పైడమ్మ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. "అయితే నాకొక మాట సెప్పండి. అనాదికాలం నుంచీ అక్కడ సెరువే ఉంటే, ఆ సెరువు నడిమిని రోడ్డేసినోడు ఎవుడు?"

కుసుమకుమార్ కలం ఆగిపోయింది. వేసింది అతనే.

"మా మర గట్టు మీదున్నాది. రోడ్డు సెరువు కడుపులోనే ఉన్నాది. ఆక్రమణంటే ఏది ముందు కొట్టాలి?"

కమిషనర్ గారు కళ్లు మూసుకున్నారు. ఆయనలో ఎన్ని లోపాలున్నా, నిబంధన దగ్గర పక్షపాతం లేని మనిషి.

"న్యాయమే," అన్నారు కళ్లు తెరిచి. "పెద్ద ఆక్రమణ ముందు, చిన్న ఆక్రమణ తరవాత. రోడ్డుకు నోటీసు జారీ చేయండి."

బయటికి వచ్చాక పైడమ్మ మెట్ల మీద కూర్చుండిపోయింది. "సిగ్గుపడతారనుకున్నాను నాను," అంది నాతో. ఆమె మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను.

నోటీసును రోడ్డు మధ్యనున్న డివైడరుకు అంటించారు. గడువులోగా రోడ్డు నుంచి ఏ సమాధానమూ రాలేదు. తొలగించమని ఉత్తర్వు అయింది. పొక్లెయినర్లు వచ్చి బస్టాండు నుంచి గడియార స్తంభం దాకా రోడ్డును పెళ్లలు పెళ్లలుగా పెకలించాయి. పెకలించమని ఉత్తర్వులో ఉంది గానీ, ఆ పెళ్లలు ఎక్కడ పోయాలో లేదు. కంట్రాక్టరు చుట్టూ చూశాడు. దగ్గరలో పెద్ద గుంట ఒకటి కనబడింది.

గౌరునాయుడు ఈల ఊదుకుంటూ కుంటుకుంటూ పరిగెత్తాడు. "ఓరి నాయనా! పూడ్సకూడదు! బోర్డు సదవండి!"

"ఎవరు పూడ్చారు?" అన్నాడు పొక్లెయినర్ డ్రైవరు. "మేం రోడ్డు తీస్తన్నాం."

ఆడవాళ్లు బిందెలతో దిగి చేపలను రక్షించారు. ఆ సాయంత్రం మా వీధిలో ప్రతి ఇంటా చేపల పులుసు ఘుమఘుమలాడింది. పొద్దుగుంకే వేళకు కమిషనర్ గారు వచ్చి చూసేసరికి, చెరువు ఉండవలసిన చోట చదునైన రాళ్లదిబ్బ ఉంది. దాని మీద కొంగ ఒంటికాలితో నిలబడి ఆలోచిస్తోంది. తనిఖీ మర్నాడే. ఆయన పైడమ్మ మర మెట్ల మీద కూలబడ్డారు. పైడమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"చెరువు ఏదమ్మా?" అన్నారు బిక్కమొహంతో.

"మీరు తీసిన రోడ్డు కింద ఉన్నాది బాబూ. తాగండి."

ఆయన అదృష్టం కొద్దీ తొలివాన తెల్లవార్లూ కురిసింది. రోడ్డు తీసేసిన మేర ఊరి పొడవునా నీళ్లు నిండాయి. పొద్దున్నే రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషి గొడుగు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు.

"మా కాగితాల్లో చెరువని ఉంది. ఇది మరీ పొడుగ్గా ఉందేమిటి?"

కమిషనర్ గారు గొడుగు కిందికి జరిగారు. "చెరువును కాలువ స్థాయికి ఉన్నతీకరించాం సార్."

పెద్దమనిషి ఆయన్ను కౌగిలించుకున్నారు. కాలువకు వదలవలసిన జాగా చెరువుకన్నా చాలా తక్కువట. పైడమ్మ మర జానెడు తేడాతో బయటపడింది. ఆ కబురు తెచ్చిన గౌరునాయుణ్ణి ఆమె ఖాకీ చొక్కా పట్టుకుని ఊపేసింది. కొట్టిందో, ముద్దుచేసిందో గట్టుకు ఇవతలున్న మాకు సరిగ్గా తెలియలేదు.

కమిషనర్ గారికి అవార్డు ఇచ్చే సభ కాలువ ఒడ్డునే జరిగింది. జనం బల్లకట్టుల మీదుగా వచ్చి బురదలో నిలబడ్డారు. పైడమ్మకు ఆదర్శ తీరవాసి అని శాలువా కప్పి, ఏదైనా కోరిక ఉంటే చెప్పమన్నారు. ఆమె మైకు పక్కకు నెట్టింది. అవసరం లేదు.

"బాబూ, నాను ఒకపాలి నోరిప్పితే సెరువొచ్చినాది. రెండోపాలి ఇప్పితే రోడ్డు పోనాది. ఇప్పుడు మూడోపాలి అడగమంటన్నారు. సూడండి, ఊరు ఊరంతా నా నోటికేసి సూసి బయపడి సస్తన్నాది."

జనం గొల్లుమన్నారు.

"మాకేటీ ఒద్దు బాబూ. ఒక్క నెల, మీరు మా ఈది కోసరం ఏటీ సెయ్యకండి. సేతులు ముడుసుకుని కూకోండి. అంతే."

కమిషనర్ గారు బిత్తరపోయారు. కానీ రాజధాని పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ లేచారు. "ఇంత నిర్దిష్టమైన ప్రజాభిప్రాయం నా సర్వీసులో వినలేదు. గుమ్మిడివలసలో తక్షణమే ప్రయోగాత్మకంగా నిష్క్రియా మాసోత్సవం ప్రకటిస్తున్నాను!"

మాసోత్సవాన్ని ఆఫీసు వారు ఎంతో నిష్ఠగా జరిపారు. పదిన్నరకల్లా వచ్చి, బల్లల ముందు కూర్చుని, ఏమీ చేసేవారు కాదు. అలవాటైన పనే గనక ఎవరికీ శిక్షణ అవసరం లేకపోయింది. పొరపాటున ఎవరైనా ఏమైనా చేస్తారేమోనని చూడటానికి ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయన కూడా ఏమీ చేయలేదు.

వీధిలో మాత్రం సందడి మొదలైంది. పైడమ్మ మర ఆపి, నడుముకు కొంగు బిగించి తట్ట ఎత్తింది. చేపల మార్కెట్ వాళ్లు గంపలతో వచ్చారు. బస్సులు తమ వీధిని వదిలిపోవాలన్నదే వాళ్ల కోరిక. తాపీమేస్త్రీలు పని మానుకుని వచ్చి మట్టం పట్టారు. నేను షాపు కట్టేసి గునపం పట్టుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కితే, నా అయోడిన్ నాకే అమ్ముకున్నాను. నీళ్లు తోడేసి, పాత రోడ్డు పెళ్లలనే కొట్టి పరిచాం.

గౌరునాయుడు గట్టున తటపటాయిస్తూ నిలబడ్డాడు. "పైడీ, పూడ్సేవోలిని నాను పట్టుకోవాల కదా?"

"ఈ నెల నువ్వూ గవుర్మెంటే. ఏటీ సెయ్యకూడదు," అంది పైడమ్మ తట్టతో సాగిపోతూ.

అతను ఖాకీ చొక్కా విప్పి, మడిచి, మర కిటికీలో పెట్టాడు. లుంగీ ఎగ్గట్టి వచ్చి ఆమె తల మీది తట్ట తన నెత్తికి మార్చుకున్నాడు.

నెలాఖరున కమిషనర్ గారు తమ విజయాల మీద ఉపన్యాసం ఇవ్వడానికి రాజధానికి బయల్దేరారు. జరిగింది జీపు డ్రైవరు తరవాత మాకు చెప్పాడు. మెయిన్ రోడ్డులో ఆయన కునుకు తీస్తూ, కుదుపు లేకపోయేసరికి ఉలిక్కిపడి లేచారట.

"ఏమైంది? జీపు ఆగిపోయిందా?"

"లేదు సార్, పోతోంది," అన్నాడు పక్కనున్న కుసుమకుమార్.

ఆయన తల బయటపెట్టి, నున్నగా సాగిపోతున్న రోడ్డును చాలాసేపు చూశారట. "ఇది ఎవరు వేశారు?"

కుసుమకుమార్ ఒక్క క్షణం ఆలోచించాడట. "మనమే సార్. ఏమీ చెయ్యకుండా."

డ్రైవరు ఈ సంగతి చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. పైడమ్మ మాత్రం మర బెల్టు తగిలిస్తూ విని, చేతికంటిన పిండి దులుపుకుంది.

"పోన్లే బాబూ, ఆలకి నచ్చినాది కదా," అంది. "ఇంకో నెల పొడిగించమను."